గొంతు బాగాలేదన్నారని పాట మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. పియానోలో ట్రినిటీ సంగీత పరీక్ష ఐదో గ్రేడ్ పాసైంది. తనే వాయిస్తూ పాడుతుంది. గొంతు గరుకుగా ఉందని, సింగర్‌గా పనికిరాదని ఒకచోట అన్నారట. అప్పటినుంచి పాడటం మానేసింది. సంగీతాన్ని కెరీర్‌గా తీసుకోవచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ గరుకు ఈమధ్యే వచ్చిందా? అయితే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మొదటినుంచీ అంతే అయితే మీకు ఇగ్నాసియో విల్లా గురించి చెప్పాలి.

ఆయన క్యూబాలోని నల్లజాతి కళాకారుడు. 1911లో హవానా పక్కన గ్వానబకోవాలో పుట్టాడు. 'బోలా దె నియెవె' అంటేనే అందరికీ తెలుసు. మంచుముద్ద అని అర్థం. ఎగతాళిలా వినిపించే ఆ పేరుతోనే దేశదేశాల్లో గౌరవం సంపాదించాడు.

మొదట మూకీ సినిమాలకు హాల్లో కూర్చుని పియానో వాయించేవాడు. తర్వాత గాయని రీతా మొంతానేర్‌కు పక్కవాద్యం వాయిస్తూ 1930ల మొదట్లో మెక్సికో వెళ్లాడు. అక్కడ ఆమె పాడలేని రోజున ఆయనే పాడాడని చెబుతారు. తనది మామిడిపళ్లు అమ్ముకునేవాడి గొంతని ఆయనే అనేవాడు. అందుకే పైస్థాయి కోసం పాకులాడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడేవాడు. ఒకచోట గుసగుసలాడేవాడు, ఒకచోట నవ్వేవాడు, మాట ఆగినచోట పియానో అందుకునేది. స్పానిష్‌తో పాటు ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీస్, ఇంగ్లిష్ పాటలు కూడా పాడాడు. 'ఐ మామా ఇనెస్' వినిపించండి మీ అమ్మాయికి, నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. చివరి ఏళ్లలో హవానాలోని మోన్సెన్యూర్ రెస్టారెంట్‌లో ఆయన పాట వినడానికే జనం వచ్చేవారు. 1971లో మెక్సికోలో కన్నుమూశాడు.

ఆయన్ని ముందు నిలబెట్టింది పక్కవాద్యం. మీ అమ్మాయికీ అదే దారి చెబుతాను. పాట వినగానే దానికి తోడుగా కలిపి మోగించే స్వరాలు, అంటే కార్డ్‌లు (chords) పట్టుకోవడం, సింగర్ అడిగితే అప్పటికప్పుడు శ్రుతి మార్చి వాయించడం నేర్చుకోమనండి. గ్రేడ్ పరీక్షల కోసం నాలుగు పాటలు బట్టీపట్టే పిల్లలకు ఇవి రావు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఇవి వచ్చినవాళ్లకు చర్చి కాయిర్లలో, ఆర్కెస్ట్రాల్లో, స్కూళ్లలో పని దొరుకుతుంది.

ఆదాయం మాత్రం నెలనెలా ఒకేలా ఉండదు. కాబట్టి ఏదైనా డిగ్రీ చదువుతూ ఎనిమిదో గ్రేడ్ పూర్తిచేయడం మంచిది. పూర్తిగా సంగీతమే అనుకుంటే చెన్నైలోని కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ కోర్సులు చూడండి.

ఈలోగా తనకు ఇష్టమైన పాటను ఒకటి రెండు మెట్లు కింది శ్రుతిలో వాయిస్తూ పాడమనండి. మీరు పక్కనే కూర్చుని వినండి.