అల్యూమినియం వ్యర్థాలు మళ్లీ వాడతారా? బట్‌లు కొట్టేవాళ్లను అడగండి

"అల్యూమినియం లోహం తీసే స్మెల్టర్లలో మిగిలిన ముడిపదార్థాలను నిజంగా మళ్లీ వాడతారా, లేక అదంతా కంపెనీల ప్రచారమేనా?" అని అడిగారు. వాడతారు. ఎంత బాగా వాడతారన్నది మాత్రం కాంట్రాక్టు కూలీల చేతిలోనే ఉంది.

మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ బాక్సైటు మాట వినిపించని టీ కొట్టు ఉండదు. అయినా కొరాపుట్, రాయగడ జిల్లాల్లో బాక్సైటు నుంచి తయారయ్యేది తెల్లటి అల్యూమినా పొడి మాత్రమేనని, దాన్ని లోహం చేసే స్మెల్టర్లు ఉత్తరాన అంగుల్, ఝార్సుగుడా వైపు ఉన్నాయని చెబితే మా బావమరిదితో సహా ఎవరికీ ఎక్కదు.

ఉత్తరాన ఒక స్మెల్టర్‌లో నేను రాడింగ్ షాపులో, అంటే కార్బన్ దిమ్మెలకు లోహపు కడ్డీలు బిగించే, వాడేసినవాటిని విప్పే విభాగంలో పనిచేశాను. పాట్‌లో, అంటే అల్యూమినియం తయారయ్యే తొట్టిలో, సుమారు 960 డిగ్రీల వేడిలో కరిగిన క్రయోలైటు అనే ఫ్లోరైడ్ లవణంలో అల్యూమినా కలుస్తుంది. పైనుంచి దించిన కార్బన్ యానోడ్‌లు (కరెంటు పంపే దిమ్మెలు) కొద్దికొద్దిగా అరిగిపోతాయి. మూడు నాలుగు వారాలకు అడుగున మిగిలిన ముక్కే బట్. దాన్ని పైకి లాగి, చల్లారాక, నెత్తిన అంటుకున్న బాత్ పెచ్చును, అంటే గడ్డకట్టిన ఆ క్రయోలైటును, కొట్టి తీయాలి. పెచ్చును పొడిచేసి మళ్లీ పాట్‌కే పంపుతారు. బట్‌ను నలిపి పెట్రోలియం కోక్, తారులాంటి పిచ్‌తో కలిపి కొత్త యానోడ్ పోస్తారు.

ఒక వానాకాలం సగం మంది నాట్లకని ఊళ్లకు వెళ్లిపోయారు. కాంట్రాక్టరు బదులు మనుషులను పెట్టలేదు. సూపర్‌వైజరుకు టన్నులు కావాలి, బట్‌లను సరిగ్గా శుభ్రం చేయకుండానే మేము పంపేశాం. పార్వతీపురం పెద్దాయన ఒకరుండేవారు, అందరం మామా అనేవాళ్లం. క్రషర్ ముందున్న బట్‌ను ఆయన సుత్తితో పగలగొట్టి, కడ్డీ కొనలు దిగే స్టబ్ గుంతల అంచున తెల్లగా మిగిలిన బాత్ చూపించారు. "ఇది యానోడ్‌లోకి పోతే పాట్‌లో మసి తేలుతుంది బాబూ" అన్నారు. సూపర్‌వైజరు నవ్వేశాడు. తర్వాత పాట్‌ల వరుస చూసుకునే పాట్‌లైన్ వాళ్లు గరిటెలతో మసి తోడుతూ మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. కోక్ నాసిరకమని ల్యాబ్ తేల్చిందట. నేను ఒప్పుకోను. బాత్‌లోని సోడియం చేరితే యానోడ్ త్వరగా కాలి పొడి రాలుతుందని శిక్షణలో చెప్పింది ఆ ల్యాబ్ వాళ్లే కదా!

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. పాట్ పొగలోని ఫ్లోరైడ్‌ను అల్యూమినా పొడికే పట్టించి, ఆ పొడినే పాట్‌లో పోస్తారు. దాని గురించి గేటు దగ్గర ఒక్క బోర్డూ ఉండదు. బోర్డులన్నీ మొక్కలు నాటడం గురించే.

పాట్ ఆయుష్షు తీరాక తవ్వి తీసే లైనింగ్ (లోపలి కార్బన్, ఇటుకల పొర) సంగతి వేరు. అందులో సైనైడ్, ఫ్లోరైడ్ ఉంటాయి, తడిస్తే మండే వాయువులు వస్తాయి. శుద్ధి చేస్తే దాని కార్బన్ భాగం సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పనికొస్తుంది. అది ఎక్కడైనా వానలో పడి ఉందని తెలిస్తే ఇక్కడ ప్రశ్నలు అడగకండి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాయండి.