డబ్బు గడప దగ్గర నాలుగుసార్లు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫ్రీమాంట్‌లో కాపురం. వయసు 36. ఎనిమిది నెలలుగా ఆదివారాలు ఒక కార్డ్‌రూమ్‌లో పోకర్ టోర్నమెంట్ ఆడుతున్నాను. ప్రవేశం 250 డాలర్లు, అందులో 50 నిర్వాహకుల ఫీజు. సుమారు 120 ఎంట్రీలు వస్తాయి, 15 మందికి డబ్బు ఇస్తారు, చివరి బహుమతి 480. ఇప్పటికి 32 ఆడాను, 11 సార్లు రీ-ఎంట్రీ (ఓడాక మళ్లీ ప్రవేశం కట్టి చేరడం) తీసుకున్నాను. మూడుసార్లు డబ్బులోకి వచ్చి మొత్తం 2,300 అందుకున్నాను. నాలుగుసార్లు మాత్రం 16, 17, 16, 18 స్థానాల్లో పోయాను. అందులో మూడుసార్లు నా దగ్గర పది బిగ్ బ్లైండ్ల (బిగ్ బ్లైండ్ అంటే వంతు వచ్చినవాడు కార్డులు చూడకముందే పెట్టాల్సిన పందెం) చిప్స్ కూడా లేవు. కిందటి వారం 24 బ్లైండ్లతో ఉండగా, క్వీన్ల జతతో ఎదుటివాడి ఆల్-ఇన్‌కి (చిప్స్ అన్నీ ఒడ్డిన పందేనికి) కాల్ చేసి, అంటే సమానంగా ఒడ్డి, ఏస్-కింగ్ చేతిలో ఓడాను. ఆ రాత్రులు నిద్ర పట్టదు. రెండుసార్లు పక్కనే ఉన్న క్యాష్ టేబుల్ (నేరుగా డబ్బుతో ఆడేది) దగ్గర కూర్చుని 1,400 పోగొట్టుకున్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే కసురుకుంటున్నాను. నేను పోగొట్టింది మూడు వేలని ఆమె అనుకుంటోంది. ఈ బాధను తట్టుకోవడం ఎలా?

జవాబు: చేతికందింది నోటికందకపోతే కలిగే బాధ నిజమైనదే, ఆటేగా అని దాన్ని కొట్టిపారేయను. డబ్బు పరంగా 90వ స్థానంలో పోయినా 16వ స్థానంలో పోయినా నష్టం ఒకటే. అయినా 90వ స్థానంలో పోయిన రోజు మీరు హాయిగా భోంచేసి పడుకుంటారు. 16వ స్థానంలో పోయిన రోజు ఏడు గంటల కష్టం, ప్రతి టేబుల్‌లో ఒక్కొక్క చేయి (ఒక్కో పంపకం ఆట) ఆపి ఆపి ఆడించే ఆ చివరి అరగంట, పక్కవాడు ఊపిరి పీల్చుకుని నవ్విన నవ్వు అన్నీ మీతోపాటు ఇంటికి వస్తాయి.

2009లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ల్యూక్ క్లార్క్ బృందం స్లాట్ మెషీన్ లాంటి ఆట మీద ఒక పరిశోధన చేసింది. కొద్దిలో తప్పిన ఓటమి మామూలు ఓటమి కంటే ఎక్కువ చేదుగా అనిపించింది. అదే సమయంలో, బొమ్మను తామే ఎంచుకున్నప్పుడు మళ్లీ ఆడాలన్న కోరికనూ పెంచింది. గెలిచినప్పుడు మెదడులో స్పందించే చోట్లే అప్పుడూ స్పందించాయి. పోకర్‌లో ప్రతి నిర్ణయమూ మీదే కాబట్టి, బబుల్‌లో (బహుమతులు మొదలయ్యే స్థానానికి కాస్త ముందు) పోయిన పది నిమిషాలకే మీ కాళ్లు క్యాష్ టేబుల్ వైపు నడవడంలో వింత లేదు. ఆ పది నిమిషాలను దాటించే ఏర్పాటు ముందే ఉండాలి.

అది ఇలా చేయండి. ఆదివారం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ రోజు ఆటకు అనుకున్న నగదు మాత్రమే జేబులో పెట్టుకోండి, కార్డులు ఇంట్లో ఉంచండి. పోయిన వెంటనే కారులోకి వెళ్లి, ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఫోన్‌లో నాలుగు విషయాలు రాసుకోండి: బ్లైండ్లు ఎంత, మీ దగ్గర ఎన్ని బ్లైండ్లు ఉన్నాయి, ఎదుటివాడి దగ్గర ఎన్ని, ఇంకా ఎందరు మిగిలారు. అంతే, తీర్పు రాయకండి. దాన్ని మంగళవారం దాకా తెరవకండి. ఆ రాత్రే విశ్లేషించుకుంటే కార్డు ఎలా పడిందో అదే కనబడుతుంది, నిర్ణయం కనబడదు. ఏదైనా తినండి. ఏడెనిమిది గంటలు కాఫీల మీద గడిపినవాడి కడుపు, మనసు రెండూ మాట వినవు.

కిందటి వారం చేతి సంగతి త్వరగా తేల్చేస్తాను. క్వీన్ల జతకు, వేర్వేరు రంగుల ఏస్-కింగ్‌కు మధ్య పోటీలో వందకు దాదాపు 57 సార్లు క్వీన్లు గెలుస్తాయి, మిగిలిన 43 సార్లు మీరు లేచి వెళ్లాల్సిందే. ఒకటి రెండు బ్లైండ్లతో వేలాడుతున్నవాళ్లు చాలామంది ఉంటే తప్ప అక్కడ కాల్ చేయడంలో తప్పు పట్టలేను. దాన్ని మరిచిపోండి.

మిగిలిన మూడింటిని మాత్రం మరిచిపోకండి. మొత్తం అదృష్టం మీదే నడిచేదైతే 120 మందిలో 16, 17, 18 స్థానాలు 32 ఆటల్లో, రీ-ఎంట్రీలతో కలిపినా, సగటున సుమారు ఒక్కసారే వస్తాయి. మీకు నాలుగుసార్లు వచ్చాయి. 32 ఆటలు చిన్న లెక్కే, కానీ మూడుసార్లు పది బ్లైండ్లలోపు ఉన్నారంటే కారణం నాకు కనబడుతోంది: డబ్బులోకి రావాలని కాచుకుని కూర్చుంటున్నారు. బిగ్ బ్లైండ్ యాంటీ (బిగ్ బ్లైండ్ వంతువాడు అందరి తరఫునా కట్టే మరో బ్లైండ్) ఉన్న ఆటలో ఒక చుట్టుకు రెండున్నర బ్లైండ్లు పోతాయి. ఇరవై నిమిషాల లెవెల్‌లో (బ్లైండ్లు మారని వ్యవధిలో) దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది, ఆపైన బ్లైండ్లు సుమారు 30 శాతం పెరుగుతాయి. ఒక్క చేయి కూడా ఆడకపోతే 20 బ్లైండ్లు మూడు లెవెళ్లు ముగిసేసరికి ఆరుకు దిగుతాయి. ఆరు బ్లైండ్లతో ఆల్-ఇన్ అన్నా ఎవరూ భయపడరు, ఏదో ఒక చేత్తో కాల్ చేస్తారు. బబుల్‌లో పోతామన్న భయమే మిమ్మల్ని బబుల్‌కు చేరుస్తోంది.

అందుకే 25 మంది మిగిలినప్పుడే, 12 నుంచి 15 బ్లైండ్లు ఉండగానే కదలండి. ముందున్నవాళ్లంతా ప్యాక్ చేసి, బటన్ (పంచేవాడి స్థానం) మీదున్న మీ దాకా వస్తే, పది బ్లైండ్లతో ఏ జత అయినా, ఏ ఏస్ అయినా ఆల్-ఇన్‌కి సరిపోతుంది. కాకపోతే బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడి చిప్స్ చూసుకోండి. మీలాగే డబ్బు కోసం బిగపట్టుకున్న, ఓ మాదిరి చిప్స్ ఉన్నవాడైతే మంచిది, కొండంత చిప్స్ ఉన్నవాడైతే ఇంకాస్త మంచి కార్డులతోనే కదలండి. ఇంకొక మార్గమూ ఉంది. 18 మంది మిగిలినప్పుడు, మొదటి బహుమతిలోంచి 250 తీసి 16వ వ్యక్తికి ఇద్దామని ప్రతిపాదించవచ్చు. అందరూ ఒప్పుకోవాలి, ఫ్లోర్ మేనేజర్ అనుమతించాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అంకెలనే కూడాను. 43 ఎంట్రీలకు 10,750 కట్టారు, అందులో 2,150 ఫీజే. చేతికొచ్చింది 2,300. టోర్నమెంట్లలో నష్టం 8,450, క్యాష్ టేబుల్‌తో కలిపి 9,850. ఆ నాలుగు రాత్రులూ మీరు చివరి బహుమతి తెచ్చుకునే ఉంటే అదనంగా 1,920 వచ్చేది. అంటే టోర్నమెంట్లలో 6,530 నష్టం అప్పటికీ మిగిలేది. రీ-ఎంట్రీ తీసుకున్న రోజైతే 480 అందుకున్నా 20 డాలర్లు పోగొట్టుకున్నట్టే. మీరు తలుచుకుని కుమిలిపోతున్న ఆ నాలుగు చేతులు మీ మొత్తం నష్టంలో ఐదో వంతు కూడా కావు. ఎనిమిది నెలలుగా మీ కళ్లు వాటిమీదే ఉన్నాయి కాబట్టి మిగతాది లెక్కకు రాలేదు.

డబ్బు రాకపోవడం కూడా మామూలే. 15 మందికి బహుమతి ఉన్న ఈ ఆటలో సగటు ఆటగాడికి వరుసగా పదిసార్లు ఉత్తచేతులతో తిరిగిరావడం నాలుగింటిలో ఒకసారికి పైగా జరుగుతుంది. పోకర్ ప్రపంచ సిరీస్ ప్రధాన పోటీలో కూడా అంతే: 2023లో 10,043 మంది ఆడితే 1,507 మందికే డబ్బు ముట్టింది. దీన్ని తట్టుకునేందుకు కనీసం వంద ప్రవేశాల సొమ్ము, మీ ఆటకైతే 25,000 డాలర్లు, ఇంటి ఖర్చుకు సంబంధం లేకుండా విడిగా ఉండాలి. అది లేకపోతే 250 ఆట మీ స్థాయిది కాదు. రీ-ఎంట్రీ లేకుండా 60 డాలర్ల ఆటకు దిగండి.

మీ భార్య మూడు వేలని అనుకుంటున్నది నిజానికి దాదాపు పది వేలు. మీరు కసురుకుంటున్నది బబుల్ బాధతో కాదు, ఆ తేడా బయటపడుతుందేమోనన్న బెదురుతో అని నాకనిపిస్తోంది. కాగితం మీద 9,850 రాసి ఆమె ముందు పెట్టండి. చేతుల గురించి, కార్డుల గురించి ఏమీ చెప్పకండి. ఆమె కోపగించుకుంటే విననివ్వండి మీ చెవుల్ని. తర్వాత నెలకు ఎంత అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి, సున్నా అని ఆమె అంటే ఆ మాటకూ సిద్ధపడి కూర్చోండి.

జూద వ్యసనమని వైద్యులు నిర్ధారించేందుకు తొమ్మిది లక్షణాల్లో ఏడాదిలో నాలుగైనా ఉండాలి. మీ ఉత్తరంలో రెండు ఉన్నాయి: పోయింది రాబట్టుకోవడానికి మళ్లీ కూర్చోవడం, ఇంట్లో దాచడం. అప్పు చేయడం, ఆడకపోతే చిరాకు లాంటివి తోడైతే ఆలస్యం చేయకుండా జూద సమస్యల సహాయ నంబరు 1-800-426-2537కు ఫోన్ చేయండి. కాలిఫోర్నియాలో ప్రభుత్వమే ఉచితంగా చికిత్స ఇప్పిస్తుంది, మీ భార్య కూడా తన కోసం అడగవచ్చు. ఇక సెలవులకు ఊరొచ్చినప్పుడు ఫోన్‌లో ఆడుదామని చూడకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025లో చట్టంతో నిషేధించాయి.

రాబోయే ఆదివారం ఆటకు వెళ్లకండి. ఆ మధ్యాహ్నం కాగితం పట్టుకుని ఇంట్లో కూర్చోవాలి.