తేనెపెట్టెలో వరోవా నల్లి: లెక్క తేల్చడం ఎలా?

ప్రశ్న: ఫ్రేములు ఎత్తి చూస్తే ఈగల వీపు మీద ఒక్క నల్లీ కనబడటం లేదు. కానీ రెక్కలు ముడతపడ్డ పిల్ల ఈగలు పెట్టె ముందు పాకుతున్నాయి. నల్లి ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: ఉన్నట్టే, అదీ గట్టిగానే. ఆ ముడతలు వరోవా వ్యాపింపజేసే వైరస్ లక్షణం. ఈ దశకు వచ్చిందంటే నల్లి చాలాకాలంగా పెరుగుతోందన్నమాట. అది ఎక్కువగా ఈగ పొట్ట అడుగున పలకల సందుల్లో దూరి కొవ్వు కణజాలాన్ని తింటుంది. వీపు చూసి లాభం లేదు. పిల్లలు ఎదిగే కాలంలో సగానికి పైగా నల్లులు పిల్లలు పెరిగే, మైనంతో మూతపడిన గదుల్లోనే ఉంటాయి.

ఆల్కహాల్‌తో కడిగి లెక్కపెట్టండి. మూతపడని పిల్లలున్న ఫ్రేము తీయండి. పిల్లల్ని మేపే దాది ఈగలు, వాటితో నల్లులు ఉండేది అక్కడే. ముందు రాణి ఎక్కడుందో చూసి పక్కన పెట్టండి. అది కంటబడేదాకా ఆల్కహాల్ సీసా మూత తీయకండి, ఇంతకు మించిన జాగ్రత్త ఇందులో లేదు. ఈగల్ని టబ్బులోకి దులిపితే ముసలి ఈగలు ఎగిరిపోతాయి. మిగిలినవాటిని అరకప్పు (సుమారు 120 మి.లీ.) తీసుకుంటే దాదాపు 300 వస్తాయి. వాటిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక నిమిషం బాగా ఊపండి. ఈగలు ఆగి నల్లులు జారేలా 3 మి.మీ. కన్నాల జాలీ మీంచి తెల్లటి గిన్నెలోకి వంచండి. ఈగల్ని ఇంకోసారి కడగండి, మొదటిసారికే అన్నీ ఊడిరావు. ఎర్రటి గోధుమరంగులో, పొడవు కన్నా వెడల్పు ఎక్కువగా ఉండేవే వరోవాలు. వచ్చిన సంఖ్యను 3తో భాగించండి: 9 దొరికితే నూటికి 3. నూటికి 2, 3 దాటితే మందు వేయాల్సిందే.

ప్రశ్న: ఈగల్ని చంపకుండా కుదరదా?

జవాబు: కుదురుతుంది. అదే సీసాలో జాలీ మూత కింద ఈగల మీద రెండు పెద్ద చెంచాల పంచదార పొడి వేసి, దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత బోర్లించి నిమిషం పాటు తెల్లటి పళ్లెంలోకి దులపండి. పళ్లెంలో కాస్త నీళ్లు పోస్తే పంచదార కరిగి నల్లులు తేలతాయి. గాలిలో తేమ ఉన్నా, ఈగలకు మకరందం అంటుకున్నా పొడి ముద్దకట్టి లెక్క తగ్గుతుంది. సున్నా వచ్చిందని సంబరపడకండి. బలమైన కాలనీలో రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి 300 ఈగలు పెద్ద నష్టం కాదు. మా ఓటు ఆల్కహాల్‌కే.

ప్రశ్న: ఆక్సాలిక్ ఆమ్లం ఒకసారి వాడాక కూడా నల్లి మళ్లీ కనబడింది. మందు నకిలీదా?

జవాబు: కాకపోవచ్చు. ఆక్సాలిక్ గది మూత దాటి లోపలికి పోదు. మెల్లిఫెరా (పెట్టెల్లో పెంచే ఐరోపా జాతి తేనెటీగ) కూలీ ఈగల గదులు సుమారు 12 రోజులు మూసి ఉంటాయి, లోపలి నల్లులు ఆ తర్వాత ఈగలతోపాటే బయటికొస్తాయి. పిల్లలు లేని సమయంలో వాడండి. పిల్లలుంటే మూత దాటి పనిచేసే ఫార్మిక్ ఆమ్లం మేలు; వేడి ఎక్కువైతే అది రాణికే ముప్పు, లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రత దాటనివ్వకండి.