విలువ గడిలో ఏం రాయాలి? సైకిలు పంపే ముందు ఒక న్యాయ సందేహం

ప్రశ్న: ఉద్యోగం మారి దేశంలో ఆ చివరికి వెళ్తున్నాను. మూడేళ్ళు డబ్బు కూడబెట్టి కొనుక్కున్న గేర్ల సైకిలును అక్కడికి పంపాలి. పార్శిల్ ఆఫీసు గుమాస్తా "విలువ నామమాత్రంగా రాయండి, ఛార్జీ తగ్గుతుంది" అంటున్నారు. రశీదు మీద 'ఓనర్స్ రిస్క్' (నష్టం వస్తే యజమానిదే) అని ముద్ర వేస్తారట. దారిలో సైకిలు విరిగితే ఇక నాకు ఏ హక్కూ ఉండదా? తక్కువ ఖర్చుతో, భద్రంగా పంపే మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ గడిలో సైకిలు అసలు విలువే రాయండి. మీరు అడిగిన ఖర్చూ భద్రతా రెండూ చివరికి ఆ ఒక్క అంకె దగ్గరే తేలతాయి. నామమాత్రపు విలువ రాసి, తర్వాత వంగిపోయిన ఫ్రేము ఫొటోలతో నా దగ్గరికి వచ్చినవారిని చూశాను. వారు రాసిన అంకే వారికి ఎదురు సాక్ష్యమైంది.

లారీ సర్వీసులకూ, ఇంటి నుంచి ఇంటికి సరుకు చేర్చే కొరియర్ సంస్థలకూ వర్తించేది 2007 నాటి రోడ్డు రవాణా వాహకుల చట్టం. దాని 10వ సెక్షన్ పరిహారానికి ఒక హద్దు పెట్టింది. 2011 నియమాల ప్రకారం ఆ హద్దు మీరు కట్టిన కిరాయికి పది రెట్లు. అదీ మీరు ప్రకటించిన విలువను దాటడానికి వీల్లేదు. మీ సైకిలు విలువ కిరాయికి ముప్పై రెట్లు ఉందనుకోండి. అసలు విలువ రాసినా చేతికి వచ్చేది మూడో వంతే. నామమాత్రంగా రాస్తే అదీ రాదు. ఈ హద్దు దాటాలంటే చట్టం చూపిన దారి ఒకటుంది: బుకింగ్ సమయంలోనే అధిక రిస్కు రేటు కడతానని స్పష్టంగా రాసివ్వడం. ఆఫీసుల్లో దీన్ని 'ఎఫ్ఓవీ' (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అనీ 'క్యారియర్ రిస్క్' అనీ అంటారు. ఆ మొత్తం ఎంతో అడగండి, కట్టినట్టు ఎల్ఆర్ (లారీ రశీదు) మీద రాయించుకోండి. ఇది బీమా కాదు. బీమా కావాలంటే ట్రాన్సిట్ పాలసీ విడిగా తీసుకోవాలి. అందులో వాడిన వస్తువులకు గీతలు, సొట్టలు వర్తిస్తాయో లేదో సంతకానికి ముందే చదవండి.

ఇక 'ఓనర్స్ రిస్క్' ముద్ర. దాన్ని చూసి చాలామంది అడగడమే మానేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి వాహకుడు తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టం చేసింది. పైగా రోడ్డు రవాణాలో నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు. సరుకు బాగున్న స్థితిలో అప్పగించాను, పాడై వచ్చింది అని చూపితే చాలు. అయితే 1996లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: కొరియర్ రశీదు మీద సంతకం చేసినవారిని అందులోని పరిహార పరిమితి కట్టిపడేస్తుంది. కాబట్టి చిన్న అక్షరాలను వదిలేయకండి.

రైల్వేలో లెక్క వేరు. 1989 రైల్వే చట్టం 97వ సెక్షన్ కింద ఓనర్స్ రిస్క్ రేటుతో పంపిన సరుకుకు, సిబ్బంది నిర్లక్ష్యం రుజువైతేనే రైల్వే బాధ్యత వహిస్తుంది. ఓనర్స్ రిస్క్, రైల్వే రిస్క్ అనే రెండు రేట్లూ అమల్లో ఉన్నచోట మీరు ఏదీ ఎంచుకోకపోతే ఓనర్స్ రిస్క్ ఎంచుకున్నట్టే లెక్క. అందుకని రైల్వే రిస్క్ రేటు ఉందా అని నోరు తెరిచి అడగాలి. విలువ ప్రకటించకపోతే పరిహారాన్ని బరువును బట్టి కడతారు. సైకిలు లాంటి తేలిక వస్తువుకు అంతకంటే అన్యాయమైన కొలత ఉండదు.

ఖర్చు విషయంలో జనం మోసపోయేది బరువు దగ్గర. విమానంలో పంపే కొరియర్లు చాలావరకు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 140, 75, 20 కొలతల పెట్టె 42 కిలోలుగా లెక్క తేలుతుంది, లోపలి సైకిలు 14 కిలోలే అయినా సరే. రెండు చక్రాలూ తీసి పక్కన పెడితే పొడవు తగ్గుతుంది, ఛార్జీ కూడా తగ్గుతుంది. విలువ దాచి మిగుల్చుకునే దానికంటే ఇది నికార్సయిన పొదుపు. తొందర లేకపోతే రైలు పార్శిలో, లారీ సర్వీసో చాలు. వాడిన సొంత సామానుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు అడిగే పత్రం) అవసరం లేదు కనుక 'వాడిన సొంత సైకిలు, అమ్మకానికి కాదు' అని పత్రంలో రాయండి.

ప్యాకింగ్ గురించి న్యాయవాది ఎందుకు మాట్లాడాలి అనిపించవచ్చు. సరిగా కట్టలేదన్నదే అవతలివారి మొదటి వాదన. రైల్వే పత్రంలో లోపభూయిష్టమైన ప్యాకింగ్ అని మీ తరఫున నమోదైతే, నిర్లక్ష్యం రుజువు చేసే భారం మళ్ళీ మీ మీదికే వస్తుంది. కొత్త సైకిళ్ళు వచ్చే అట్టపెట్టెను సైకిలు దుకాణంలో అడిగి తెచ్చుకోండి. ముందు చక్రం తీశాక ఫోర్కు కాళ్ళ మధ్య అడ్డు చెక్క బిగించండి, లేదంటే పై బరువుకు అవి లోపలికి వంగుతాయి. వెనుక డీరైలర్‌ను (గొలుసును గేర్ల మధ్య మార్చే భాగం) విప్పి ఫ్రేము లోపలి వైపు కట్టండి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోండి. ప్రతి దశకూ ఫొటో తీయండి. పెడళ్ళ ఇరుసు కింద చెక్కి ఉండే ఫ్రేము నంబరు ఫొటోలో కనబడాలి, కొన్న బిల్లు దగ్గరుండాలి. మీది బ్యాటరీ సైకిలైతే ఆ సంగతి దాచకండి. లిథియం బ్యాటరీ ప్రమాదకర సరుకుల కిందికి వస్తుంది.

పెట్టె చేరినప్పుడు చిరిగి కనిపిస్తే తెరిచి చూడకుండా 'మంచి స్థితిలో అందింది' అని సంతకం పెట్టకండి. రైల్వేలో ఓపెన్ డెలివరీ (తెరిచి చూసుకుని తీసుకోవడం) అడిగే హక్కు 81వ సెక్షన్ ఇచ్చింది. లారీ ఆఫీసులో అయితే డెలివరీ కాగితం మీదే ఏం విరిగిందో రాసి, తేదీ వేసి, నకలు తీసుకోండి.

తర్వాత లిఖిత నోటీసు. రోడ్డు రవాణాకు గడువు 180 రోజులు. లెక్క బుకింగ్ తేదీ నుంచి మొదలవుతుంది, సరుకు అందిన తేదీ నుంచి కాదు. ఇక్కడే ఎందరో కేసు పోగొట్టుకున్నారు. ఎల్ఆర్ నంబరు, నష్టం వివరం, అడిగే మొత్తం రాసి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. రైల్వేకు గడువు సరుకు అప్పగించిన నాటి నుంచి ఆరు నెలలు, వారితో వివాదం రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ప్రైవేటు రవాణా సంస్థ మీద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ళ గడువు ఉంటుంది. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడండి, చిన్న తగాదాలు కొన్ని అక్కడే తెగుతాయి.

రేపు ఆ ఆఫీసుకు వెళ్ళినప్పుడు గుమాస్తా చేత రాయించకుండా, విలువ గడిని మీ చేత్తో మీరే నింపండి.