ఫ్యాక్టరీ జీతమా, పంచాయతీ లెక్కలా?

ప్రశ్న: మాది అచ్యుతాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ పూర్తిచేసింది. సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఆఫీసు ఉద్యోగం చూపిస్తానని మా బావమరిది అంటున్నాడు. అమ్మాయేమో ఎంఏ చేసి పరిశ్రమలు, పంచాయతీల మీద పనిచేస్తానంటోంది. అది కూడు పెట్టే చదువేనా సార్?

జవాబు: పెడుతుంది, కాకపోతే రెండు మూడేళ్లు ఆలస్యంగా. అన్నాళ్లు ఇల్లు ఓర్చుకోగలదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఈ ధ్యాస అమ్మాయికి ఎక్కడ పట్టుకుందో నేను ఊహించగలను. సెజ్ చుట్టుపక్కల ఊళ్లలో డాబాల మీద అద్దె గదులు లేస్తున్నాయి. ఆ గదుల్లో ఉండేవాళ్లకి కుళాయి నీళ్లు, చెత్త, మురుగు కాలువ అన్నీ పంచాయతీ నెత్తినే. రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ పార్కుల్లో మాత్రం ఆస్తిపన్ను వసూలు అధికారాన్ని ప్రభుత్వం 'ఐలా' అనే పారిశ్రామిక స్థానిక సంస్థకి అప్పగిస్తుంది. పంచాయతీకి అందులోంచి వాటా రావాలి. మనుషులు పడుకునేది ఊళ్లో, పన్ను పడేది పార్కు ఖాతాలో! ఊరికి ఎంత రావాలి, ఎంత వచ్చింది అని కాగితం పట్టుకుని అడగగలిగేవాళ్లు తక్కువ. అలాంటి మనిషి అవుతానంటోంది మీ పిల్ల.

ఇక ఉద్యోగాల మాట. గ్రూప్స్‌కి ఈ చదువు బాగా పనికొస్తుంది. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి, కానీ పోస్టులు చాలా తక్కువ, దాన్నే నమ్ముకోవద్దు. బయట, 2013 భూసేకరణ చట్టం కింద సామాజిక ప్రభావ అంచనాలు (భూములు తీసుకుంటే ఊరి జనం మీద ఏం ప్రభావం పడుతుందన్న లెక్క) చేసే సంస్థలు, పర్యావరణ అనుమతుల కన్సల్టెన్సీలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు ఉన్నాయి. వీటిలో మొదటి జీతం గొప్పగా ఉండదు, ఈ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి. ఎంఏకి దూరం పోనక్కర్లేదు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. గణాంకాలు, ఎక్సెల్ గట్టిగా నేర్చుకోవాలి. లెక్కలంటే భయమైతే ఈ దారి వద్దు.

ఫీజు కట్టేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చు చూసి, వీధిలో నిజంగా ఏం జరిగిందో పోల్చి రెండు పేజీలు రాయమనండి. జిల్లాలో ఏ కొత్త ఫ్యాక్టరీకైనా పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఆ ఫ్యాక్టరీ పర్యావరణ నివేదిక తెలుగు సారాంశం ముందే చదివి వెళ్లమనండి. అక్కడ ఎవరు మైకు పట్టుకున్నారు, ఏ ప్రశ్నకి జవాబు దాటేశారు అన్నది ఇంటికొచ్చి ఉత్సాహంగా మీకు చెప్తే, ఎంఏలో చేర్పించండి. ఆవులిస్తే, బావమరిదికి ఫోన్ చెయ్యండి.

డబ్బు ఇబ్బందైతే, ఒక ఏడాది ఆ సెజ్ ఉద్యోగం చేసి ఆ తర్వాత పీజీసెట్ రాసినా నష్టమేమీ లేదు. షిఫ్టులు, కాంట్రాక్టర్లు, పీఎఫ్ కోతలు లోపలి నుంచి చూసొచ్చిన పిల్ల ఎంఏ క్లాసులో మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైనే కూర్చుంటుంది.