న్యూపోర్ట్ పచ్చిక మీద మనవాళ్ల లెక్క

ఈసారి మీ ప్రశ్నల్లో సగానికి పైగా టెన్నిస్ మీదే, అందులోనూ ఎక్కువ అమెరికాలోని న్యూపోర్ట్ అనే ఊరి గురించే. 2024 జులైలో విజయ్ అమృతరాజ్‌కీ లియాండర్ పేస్‌కీ అక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే టెన్నిస్ దిగ్గజాల గౌరవ జాబితాలో, చోటు దక్కినప్పటి నుంచి ఇదే వరస. అందుకని క్రికెట్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశా, ఈ వారం మొత్తం ఆ ఒక్క ఊరి టోర్నీయే.

ప్ర: హాల్ ఆఫ్ ఫేమ్ అంటే న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఉంటుందనుకున్నాం. రోడ్ ఐలాండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో ఎందుకు పెట్టారు?

జ: అమెరికా టెన్నిస్‌కి పుట్టిల్లు అదే కాబట్టి. అప్పట్లో న్యూయార్క్ కోటీశ్వరులంతా వేసవి రాగానే న్యూపోర్ట్‌లో మకాం పెట్టేవాళ్లు. వాళ్లలో ఒకడు జేమ్స్ గోర్డన్ బెన్నెట్ జూనియర్, న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని, డబ్బుకీ దూకుడుకీ కొదవలేని మనిషి. అతని స్నేహితుడొకడు, ఓ బ్రిటిష్ సైనికాధికారి, పందెం కాసి గుర్రంతో సహా ఊళ్లో పెద్దమనుషుల క్లబ్బు వరండా ఎక్కేశాడని, క్లబ్బువాళ్లు మండిపడితే బెన్నెట్‌కి రోషం వచ్చి మీరెవరు నాకు చెప్పేదని సొంతంగా ఇంకో క్లబ్బు కట్టించాడని చెబుతారు. ఈ కథలో ఎవరు ఎంత మసాలా కలిపారో గానీ క్లబ్బు మాత్రం నిజం. 1880లో తెరిచారు, కట్టింది మెకిమ్, మీడ్ అండ్ వైట్ అనే పేరున్న ఆర్కిటెక్టులు. దాని పేరే న్యూపోర్ట్ క్యాసినో, హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పుడు ఉన్నది అక్కడే. పేరు చూసి జూదశాల అనుకోకండి, ఆటలకీ విందులకీ కట్టుకున్న చోటు.

మరుసటి ఏడాది, 1881లో, అమెరికా తొలి జాతీయ పురుషుల టోర్నీ అక్కడి పచ్చిక మీదే జరిగింది. ఇవాళ మనం యూఎస్ ఓపెన్ అంటున్నది దాన్నే. రిచర్డ్ సియర్స్ అనే కుర్రాడు గెలిచాడు, ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు కూడా వరసగా అతనే గెలిచాడు. వినడానికి ఘనంగానే ఉంది గానీ ఒక మెలిక ఉంది. 1884 నుంచి అక్కడ ఛాలెంజ్ రౌండ్ పద్ధతి పెట్టారు, అంటే పాత ఛాంపియన్ కుర్చీలో కూర్చుని ఉంటే మిగతావాళ్లంతా రోజుల తరబడి కొట్టుకుని, చివరికి మిగిలినవాడు అలసిపోయి వచ్చి ఇతనితో ఒక్క మ్యాచ్ ఆడాలి. ఆ పద్ధతి 1911 దాకా నడిచింది. సియర్స్ గొప్పవాడే, కాదనను, కానీ ఆ 7 టైటిళ్లని ఇప్పటివాళ్ల టైటిళ్ల పక్కన పెట్టి చూడకూడదు.

ప్ర: అంత చరిత్ర ఉంటే యూఎస్ ఓపెన్ అక్కడి నుంచి ఎందుకు వెళ్లిపోయింది?

జ: జనం వల్ల. ఇంకా సూటిగా చెప్పాలంటే జనం పట్టే చోటు లేకపోవడం వల్ల. న్యూపోర్ట్‌లో మ్యాచ్ చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామందికి ఎవరు ఏ గౌను వేసుకొచ్చారన్నదే ముఖ్యం, స్కోరు తర్వాత సంగతి. ఆటగాళ్లేమో ఎక్కువమంది న్యూయార్క్ చుట్టుపక్కలవాళ్లు. 1914 ఆగస్టులో న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ పెడితే రోజుకి 10,000 మందికి పైగా వచ్చారు. దాంతో లెక్క తేలిపోయింది. 1915 నుంచి జాతీయ టోర్నీ ఫారెస్ట్ హిల్స్‌కి తరలిపోయింది. న్యూపోర్ట్‌లో జరిగిన ఆఖరి దాన్ని 1914లో గెలిచింది రిచర్డ్ నోరిస్ విలియమ్స్. అంతకు రెండేళ్ల ముందు టైటానిక్ మునిగినప్పుడు అందులోంచి బతికి బయటపడ్డవాడు. ఆ నీళ్లలో గడ్డకట్టిన కాళ్లు తీసేయాల్సి వస్తుందని డాక్టర్ అంటే ఒప్పుకోకుండా నడిచి నడిచి దారికి తెచ్చుకున్నాడట.

అంత పెద్ద టోర్నీ చెయ్యిజారితే మామూలుగా ఏ క్లబ్బైనా గేటుకి తాళం వేసుకుంటుంది. వీళ్లు 1915లోనే ఆహ్వానం మీద ఆడే సొంత టోర్నీ ఒకటి మొదలుపెట్టి 1967 దాకా లాక్కొచ్చారు. నా దృష్టిలో న్యూపోర్ట్ అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పెద్దరికం పోయాక కూడా పచ్చిక కోసుకుంటూ, గీతలు గీసుకుంటూ ఆట నడిపించిన ఊరది.

ప్ర: టైబ్రేక్ కూడా అక్కడే పుట్టిందంటారు, నిజమేనా?

జ: నిజమే, సెట్టులో ఇద్దరూ సమంగా ఉండిపోతే కొన్ని పాయింట్లతోనే తేల్చేసే ఆ పద్ధతిని పుట్టించినవాడు జిమ్మీ వాన్ ఏలెన్. 1954లో హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టింది కూడా ఈయనే. అదే ఏడాది న్యూపోర్ట్ టోర్నీ ఫైనల్లో హ్యామ్ రిచర్డ్‌సన్, స్ట్రెయిట్ క్లార్క్ తలపడ్డారు. స్కోరు చూడండి: 6-3, 9-7, 12-14, 6-8, 10-8. మొత్తం 83 గేములు. అప్పట్లో సెట్టుకి అంతం ఉండేది కాదు, రెండు గేముల తేడా వచ్చేదాకా అలా సాగుతూనే ఉండేది. ఆ సాగతీతతో విసిగిపోయిన వాన్ ఏలెన్ స్కోరింగ్ మీదే యుద్ధం ప్రకటించాడు. 1965లో ప్రొఫెషనల్ ఆటగాళ్లని న్యూపోర్ట్‌కి పిలిచి, సెట్లూ, 40-40 దగ్గర సాగే డ్యూస్‌లూ లేకుండా, టేబుల్ టెన్నిస్‌లో లాగా ఒక్కో పాయింటే లెక్కపెట్టి 31 పాయింట్ల ఆట ఆడించాడు. సర్వ్ చేసేవాణ్ని బేస్‌లైన్‌కి, అంటే కోర్టు చివరి గీతకి, మూడడుగుల వెనక నిలబడమన్నాడు, సర్వ్ బలం తగ్గుతుందని. ఆ ప్రయోగాల్లో చాలావరకు గాలికి కొట్టుకుపోయాయి, టైబ్రేక్ ఒక్కటి మిగిలింది.

అది కూడా ఇప్పుడు మనం చూసే రూపం కాదు. ఆయనది 9 పాయింట్ల టైబ్రేక్. 4-4 అయిందంటే తర్వాతి పాయింట్ ఎవరిదైతే సెట్టు వాళ్లదే, అంటే ఒకే క్షణంలో ఇద్దరికీ సెట్ పాయింట్. యూఎస్ ఓపెన్‌లో 1970 నుంచి 1974 వరకు ఇదే వాడారు. ఆటగాళ్లకి టెన్షన్ తట్టుకోవడం కష్టమై, 7 పాయింట్లు, రెండు తేడా అనే ఇప్పటి పద్ధతిలోకి మారారు. వాన్ ఏలెన్‌కి ఇది బొత్తిగా నచ్చలేదు, ఒక్క దెబ్బకి చంపమంటే ఈడ్చి ఈడ్చి చంపుతున్నారని దెప్పేవాడు. నాకైతే పాతదే బాగుందనిపిస్తుంది. ఒక్కసారైనా ఏదైనా పెద్ద టోర్నీలో మళ్లీ పెట్టి చూడాలి.

తమాషా ఏంటంటే, 2010 వింబుల్డన్‌లో టైబ్రేక్ లేని ఐదో సెట్టుని 70-68 దాకా లాగి, మూడు రోజుల పాటు 11 గంటలకు పైగా ఆడిన జాన్ ఇస్నర్, నికొలస్ మహు ఇద్దరూ తర్వాత న్యూపోర్ట్ టైటిల్ గెలిచినవాళ్లే. ఇస్నర్ అయితే 2011, 2012, 2017, 2019లో నాలుగుసార్లు. మహు 2013లో.

ప్ర: మనవాళ్లు ఎక్కడా గెలవని సింగిల్స్ టైటిళ్లు న్యూపోర్ట్‌లో ఎలా గెలిచారు? గట్టి పోటీ లేకనేనా?

జ: "ఎక్కడా గెలవని" అన్నది పేస్ విషయంలో నిజం, విజయ్ విషయంలో కాదు, ఆయన చాలాచోట్ల గెలిచారు. ఇక పోటీ లేకనేనా అన్నదానికి సగం అవును, సగం కాదు.

ముందు ఆ సగం అవును. 1975లో యూఎస్ ఓపెన్ పచ్చిక వదిలేసి మట్టి కోర్టులకి మారింది, 1978లో హార్డ్ కోర్టులకి వెళ్లిపోయింది. సరిగ్గా ఆ మధ్యలో, 1976లో, న్యూపోర్ట్‌లో ఇప్పటి ప్రొఫెషనల్ టోర్నీ మొదలైంది. తర్వాత 2024 దాకా చాలా ఏళ్లు దాన్ని నడిపిన వారం మాత్రం విచిత్రం, వింబుల్డన్ అయిపోయిన మర్నాటి నుంచి. ప్రపంచమంతా గ్రాస్ సీజన్ అయిపోయిందని బూట్లు మార్చుకుంటుంటే ఇక్కడ ఇంకో వారం పచ్చిక మీద ఆడాల్సి వచ్చేది. టాప్ ఆటగాళ్లు ఇంటికో, యూరప్ మట్టి కోర్టులకో వెళ్లిపోయేవాళ్లు. వచ్చేది ఎవరంటే పచ్చిక అంటే ప్రాణం పెట్టేవాళ్లు, ర్యాంకింగ్ పాయింట్లు అవసరమైనవాళ్లు.

ఇక సగం కాదు. వచ్చేవాళ్లంతా గడ్డి మీద ఆడటం తెలిసినవాళ్లే అయినప్పుడు అది తేలిక టోర్నీ ఎలా అవుతుంది? న్యూపోర్ట్ కోర్టు మీద బంతి లేవదు. వింబుల్డన్ కోర్టు గట్టిగా ఉంటుంది, బంతి కాస్తయినా నడుం దాకా వస్తుంది. ఇక్కడ మెత్తన, స్లైస్ చేస్తే, అంటే బంతిని కోసినట్టు కొడితే, బంతి మడమ ఎత్తులో జారిపోతుంది, ఒక్కోసారి అసలు లేవకుండా చచ్చిపోతుంది. బేస్‌లైన్ వెనక నిలబడి, బంతి ఎత్తుగా లేచేలా టాప్‌స్పిన్ బాదేవాడికి ఇది నరకం. పేస్ లాంటివాడికి పండగ. వెడల్పుగా ఓ స్లైస్ సర్వ్, బంతి పక్కకి జారుతుంటే అవతలివాడు వంగి ఎలాగో రాకెట్ తగిలించేలోపు పేస్ అప్పటికే నెట్ దగ్గర, రాకెట్ తల పైకెత్తి, బంతి నేల తాకకముందే వాలీగా అందుకుని మెత్తగా ఆపి వదిలేస్తాడు. బంతి రెండోసారి ఎగరదు. అతని సర్వ్‌లో వేగం లేదు, బ్యాక్‌హ్యాండ్ అంతంతమాత్రం, అయినా 1998లో నెవిల్ గాడ్విన్‌ని ఫైనల్లో ఓడించి టైటిల్ ఎత్తాడు. కెరీర్ మొత్తంలో ఏటీపీలో, అంటే పురుషుల ప్రొఫెషనల్ టూర్‌లో, అతని ఏకైక సింగిల్స్ టైటిల్ అదే. చాలామందికి డబుల్సే గుర్తుంటుంది గానీ అదే ఆగస్టులో న్యూ హేవెన్‌లో పీట్ సంప్రాస్‌నీ ఓడించాడు. ఆ వేసవిలో అతని చేతుల్లో ఏదో ఉంది.

ఈ ఆట ఆకాశంలోంచి ఊడిపడలేదు. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో వరసగా వింబుల్డన్ సెమీఫైనల్ ఆడినప్పటి నుంచీ మన టెన్నిస్ అంటే గడ్డి మీద మెత్తటి చేతి ఆటే. కలకత్తా సౌత్ క్లబ్‌లో పచ్చిక, డేవిస్ కప్ ఇంట్లో ఆడితే చాలాసార్లు పచ్చికే. పేస్ కుర్రతనంలో తయారైంది కూడా మద్రాసులో అమృతరాజ్‌ల అకాడమీలోనే. అంటే 2024లో న్యూపోర్ట్ వేదిక మీద పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిదీ ఒక రకంగా ఒకే బడి. పురుషుల్లో ఆసియా నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి ఆటగాళ్లు కూడా వీళ్లే.

విజయ్‌ది ఇంకా చిత్రం. 1976, 1980, 1984, మూడుసార్లు టైటిల్, మూడూ లీపు సంవత్సరాలే. ఆయన కొడుకు ప్రకాశ్ అక్కడ ఫైనల్ దాకా వెళ్లింది 2008లో, ఫాబ్రిస్ సంతోరో చేతిలో ఓడిపోయాడు, అదీ లీపు సంవత్సరమే. హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చిన 2024 కూడా అంతే. జాతకాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ లెక్క మీకే వదిలేస్తున్నా. లెక్కకి అందనివాడు రామ్‌కుమార్ రామనాథన్. 2018లో ఫైనల్ చేరి స్టీవ్ జాన్సన్‌తో మూడు సెట్లు ఆడి ఓడాడు. 2011లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ తర్వాత ఏటీపీ సింగిల్స్ ఫైనల్ ఆడిన భారతీయుడు మళ్లీ అతనే.

ప్ర: న్యూపోర్ట్‌లో టాప్ సీడ్‌కి శాపం ఉందంటారు. నమ్మొచ్చా?

జ: టాప్ సీడ్ అంటే ర్యాంకుల్ని బట్టి టోర్నీలో మొదటి స్థానం ఇచ్చిన ఆటగాడు. 1976 నుంచి 2010 దాకా అలాంటివాడు ఒక్కడూ గెలవలేదు, 2011లో ఇస్నర్ వచ్చి ఆ ముచ్చట ముగించాడు. ఇందులో శాపం ఏమీ లేదు. వింబుల్డన్ ఆడి అలసి అట్లాంటిక్ దాటి వచ్చిన పెద్ద ర్యాంకు ఆటగాడు, బంతి లేవని కోర్టు మీద, రెండు మూడు పాయింట్లతో తేలిపోయే సెట్లలో ఓడిపోవడంలో వింత ఏముంది? 2009లో అయితే క్వాలిఫయింగ్‌లోనే ఓడిపోయి, ఎవరో తప్పుకుంటే లక్కీ లూజర్‌గా లోపలికొచ్చిన భారత సంతతి అమెరికన్ రాజీవ్ రామ్ ఏకంగా టైటిల్ కొట్టుకుపోయాడు. 2015లో ఇంకోసారి గెలిచి అది గాలివాటం కాదని చూపించాడు. 1991, 1992లో గెలిచిన బ్రయన్ షెల్టన్ ఎవరో తెలుసా? ఇప్పుడు చూస్తున్నామే బెన్ షెల్టన్, వాళ్ల నాన్న.

ప్ర: 2025 నుంచి స్థాయి తగ్గించారట కదా. ఇక మూసేస్తారా?

జ: 2024లో మార్కోస్ గిరోన్ గెలిచిందే అక్కడ ఆఖరి ఏటీపీ 250 టోర్నీ, 250 అంటే ప్రధాన టూర్‌లో అన్నిటికంటే కింది మెట్టు. 2025 నుంచి పురుషులకి ఛాలెంజర్ 125, మహిళలకి డబ్ల్యూటీఏ (మహిళల టూర్) 125, అంటే ప్రధాన టూర్ కింది స్థాయి టోర్నీలు, రెండూ కలిపి ఒకే వారంలో. ఏటీపీ కొన్నేళ్లుగా చిన్న టోర్నీలని తగ్గించి పెద్దవాటిని పొడిగిస్తోంది, అట్లాంటా కూడా అదే ఏడాది పోయింది. పైగా పచ్చికని ఏడాదంతా పోషించి కొన్ని వారాలు ఆడించాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. నాకు మాత్రం ఏటీపీ మీద కోపమే. ఉత్తర అమెరికాలో టూర్ స్థాయి గ్రాస్ టోర్నీ అని మిగిలింది ఇదొక్కటే, దీన్నీ కిందకి నెట్టేశారు. మూసేయడం మాత్రం జరగదనే నా అంచనా. మహిళల టోర్నీ తిరిగి రావడం మంచి మలుపు, 1980లలో అక్కడ మహిళలూ ఆడేవాళ్లు, 1990 తర్వాత ఆగిపోయింది.

ప్ర: మాబోటి మామూలువాళ్లు అక్కడ ఆడొచ్చా?

జ: ఆడొచ్చు. ఆ కోర్టుల్ని వేసవి సీజన్‌లో డబ్బు తీసుకుని బయటివాళ్లకీ ఇస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. లోతైన గాడులున్న షూలు వద్దు, గడ్డి చీలిపోతుంది. వాన పడితే ఆ రోజు ఆట మీద ఆశ వదిలేసుకుని మ్యూజియం చూసి రండి. ఆడే అవకాశం దొరికితే మాత్రం మోకాళ్లు బాగా వంచండి, బంతి వచ్చేదాకా ఆగకుండా మీరే ముందుకెళ్లండి. మొదటి అరగంట రాకెట్‌కి గాలి తప్ప ఇంకేమీ తగలకపోతే కంగారు పడకండి, విజయ్‌తో ఆడినవాళ్లకీ అదే జరిగింది.