ప్రీ యాంప్ గదిలోనా, యాంటెన్నా దగ్గరా?

ప్రశ్న: మాది పలాస. డాబా మీద జీఐ పైపుకి యాగీ యాంటెన్నా కట్టి అంతరిక్ష కేంద్రంలోని హామ్ రేడియో రిపీటర్‌ని (అందిన మాటల్ని తిరిగి ప్రసారం చేసే పరికరం) 437.800 మెగాహెర్ట్జ్ మీద వింటున్నాను. గొంతులు తెలుస్తున్నాయి గానీ హోరు ఎక్కువ. కేబుల్ ఆర్‌జీ-58, 25 మీటర్లు. బలహీనమైన సిగ్నల్‌ని పెంచే ప్రీ యాంప్ కొన్నాను. రేడియో పక్కనే టేబుల్ మీద పెడితే సరిపోదా? పైన పెడితే తుపానుకి పోతుందేమోనని టెన్షన్.

జవాబు: పైకే ఎక్కించండి, యాంటెన్నాకి ఎంత దగ్గరగా కుదిరితే అంత దగ్గరగా. ఆ ఫ్రీక్వెన్సీలో మీ 25 మీటర్ల కేబుల్ దాదాపు 9 డెసిబెల్స్ మింగేస్తుంది, అంటే యాంటెన్నా పట్టిన సిగ్నల్‌లో ఎనిమిదో వంతే గదికి చేరుతోంది. టేబుల్ మీది ప్రీ యాంప్ ఆ మిగిలినదాన్నీ దాంతో వచ్చిన హోరునీ కలిపే పెంచుతుంది, దారిలో పోయింది మాత్రం తిరిగి రాదు. రేడియో నాయిస్ ఫిగర్ (పరికరం తనవంతుగా కలిపే హోరుకి కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) 6, ప్రీ యాంప్‌ది 1, దాని గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) 20 డెసిబెల్స్ అనుకుని లెక్క వేస్తే, ప్రీ యాంప్ లేకపోతే మొత్తం నాయిస్ ఫిగర్ 15, గదిలో పెడితే 10, పైన పెడితే 2. గదిలో పెట్టినా కొంత మేలే, కానీ డబ్బు పోసి కొన్నాక ఆ 8 డెసిబెల్స్ ఎందుకు వదులుకోవాలి?

తుపాను భయం నిజమే, 2018 అక్టోబరులో తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది, జీడితోటలు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే నేను చూసినంతలో ప్రీ యాంప్‌ని చంపేది గాలి కన్నా తేమే. విజయనగరంలో మా డాబా మీద మూత గట్టిగా బిగించి పెట్టిన పెట్టెని వానాకాలం అయ్యాక విప్పితే, అడుగున చెంచాడు నీళ్లు, కనెక్టర్ దగ్గర కేబుల్ అల్లిక అంతా పచ్చగా చిలుము. అందుకే పెట్టె అడుగున చిన్న చిల్లు పెట్టండి. కేబుళ్లు కింది నుంచే లోపలికి వెళ్లాలి, ఎక్కే ముందు కొంచెం కిందికి వేలాడితే వాన నీరు అక్కడే కారిపోతుంది. కనెక్టర్లకి సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టండి.

ప్రీ యాంప్‌కి కావలసిన కరెంటు ఆ కేబుల్‌లోనే బయాస్ టీతో (సిగ్నల్ వెళ్లే కేబుల్‌లోకే కరెంటునీ కలిపే చిన్న పరికరం) పంపొచ్చు. అదే కేబుల్‌లో మీరు ట్రాన్స్‌మిట్ కూడా చేసేట్టయితే ప్రీ యాంప్‌ని పక్కకి తప్పించే రిలే తప్పనిసరి, లేకపోతే ఒక్క నొక్కుతో లోపలి ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. దగ్గర్లో సెల్ టవర్ ఉంటే ప్రీ యాంప్ ముందు దాని సిగ్నల్‌ని ఆపే ఫిల్టర్ కూడా వేయండి.

పెట్టెని రెండు యూ క్లాంపులతోనే బిగించండి, తుపాను హెచ్చరిక రాగానే గాలి మొదలవ్వకముందే పది నిమిషాల్లో దించేసి లోపల పెట్టుకోవచ్చు.